చేప నూనె పట్టిన బెంచీలు

మబ్బు పట్టిన రోజున చెక్కకి నూనె రాయకండి. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది, వినీ వినీ మా ఇంట్లోవాళ్ళ చెవులు చిల్లులు పడ్డాయి. మొన్న మా కోడలు వీధి తలుపుకి రంగు వేయిస్తానని ఒకతన్ని పిలుచుకొచ్చింది. బయట సన్నగా తుంపర. అతను డబ్బా మూత తీస్తుంటే నేను కుర్చీలోంచి ఒక్క కేక పెట్టాను. పాపం, అతని చేతిలో కుంచె కింద పడింది. "ఏవిటండీ అత్తయ్యగారూ, ఇంటిమీద పిడుగు పడ్డట్టు!" అంది మా కోడలు. పడకముందే అరిచానమ్మా, పడ్డాక అరిస్తే ఏం లాభం అన్నాను. అతనికి కాఫీ ఇప్పించి, ఎండ వచ్చాక రమ్మని పంపించేశాను. మా కోడలు మూతి ముడుచుకుని లోపలికి పోయింది. పోనీ. దానికి నా పెళ్ళి సంగతి పూర్తిగా తెలియదు. తెలిస్తే నాకంటే గట్టిగా తనే అరిచేది.

నా పెళ్ళి జరిగింది పంతొమ్మిది వందల ముప్ఫైల్లో. మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. వానలు పడ్డాయంటే చుట్టూ నీళ్ళే. కైకలూరు వెళ్ళాలన్నా పడవే, ఏలూరు వెళ్ళాలన్నా పడవే. మా నాన్నగారు మిషను బళ్ళో మేష్టరు. బడి పక్కనే మా ప్రార్థన గుడి. పాస్టరుగారి పడవ వచ్చిన ఆదివారం ఆయన ప్రసంగం, రాని ఆదివారం మా నాన్నగారి ప్రసంగం. గుడిలో తుంగ చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. అంతకుమించి ఏదైనా ఉండాలని మాకెవరికీ తోచలేదు.

నా చిన్నప్పుడే మా అమ్మ పోయింది. నన్ను పెంచింది మా నాయనమ్మ. మా తాతయ్య పడవ నడిపేవాడట. ఆయన పోయాక ఆ పడవ అమ్మెయ్యమని ఊరంతా చెప్పినా వినకుండా మనుషుల్ని పెట్టి నడిపించింది ఆవిడ. ఏటా వేసవిలో కొల్లేటి నీళ్ళు లాగగానే పడవని గట్టుమీద బోర్లా వేయించి, చేప నూనెలో గుగ్గిలం కరిగించి, తన చేత్తో అడుగంతా పూసేది. నాకు పెళ్ళీడు వచ్చేసరికి ఆవిడ నడుం పడిపోయింది, రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. మంచం దిగలేదు. గొంతు మాత్రం పడవ రేవు దాకా వినిపించేది. ముక్కు అంతకన్నా చురుకు. నాలుగిళ్ళ అవతల పొయ్యి మీదున్నది కొరమీనో జెల్ల చేపో మంచంలోంచే చెప్పేసేది.

ఏలూరు సంబంధం వచ్చింది. అబ్బాయికి రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. తండ్రి లేడు, తల్లే పెద్ద దిక్కు. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, మెల్లగా, ఒక్క మాట ఎక్కువ కాకుండా మాట్లాడేది. నాకు మొదటిసారి చూసినప్పుడే భయం వేసింది. గట్టిగా అరిచేవాళ్ళతో నేనూ అరిచి నెగ్గగలను. మెల్లగా మాట్లాడేవాళ్ళతో ఎలా నెగ్గాలో నాకు తెలిసేది కాదు.

"మా తరపు పెద్దవాళ్ళు కింద కూర్చుని లేవలేరండీ అన్నయ్యగారూ. ఏలూరులో మా గుడిలో బెంచీలున్నాయి. పెళ్ళి అక్కడే చేసేద్దామండీ" అంది ఆవిడ మా నాన్నగారితో.

ఏలూరులో అంటే నాయనమ్మ లేకుండా అన్నమాట. పడవ కుదుపు ఆవిడ నడుం తట్టుకోదు. ఆ రోజు ఆవిడ, "బాగానే ఉందిగా, పట్నంలో పెళ్ళి" అని గోడవైపు తిరిగి పడుకుంది. నేను మాత్రం వాళ్ళు వెళ్ళగానే నాన్నగారి మీద విరుచుకుపడ్డాను.

"నాయనమ్మ లేని పెళ్ళి నాకక్కర్లేదండీ. ఆ గుమాస్తాగారిని ఆ బెంచీల మీదే కూర్చోమనండి!"

మా నాన్నగారు నెమ్మదస్తుడు. రెండు రోజులు ఆలోచించి, చివరికి ఏలూరు కబురు పెట్టారు. మా గుడిలో మేమే బెంచీలు చేయిస్తాం, పెళ్ళి మాత్రం ఇక్కడ జరగనివ్వండి అని. బెంచీలుంటే మాకేం అభ్యంతరం లేదండీ, పెళ్ళి వారంలో నేనే ముందుగా వచ్చి చూస్తాను అని అక్కణ్ణించి జవాబు వచ్చింది. నాయనమ్మ ఆ మాట విని మంచంలో లేచి కూర్చున్నంత పని చేసింది.

ఇక చూడండి ఆవిడ హడావిడి. ముందు గోడల పని పట్టుకుంది. మా గుడి గోడకి ఆనుకుంటే చాలు, చొక్కా వీపంతా తెల్లబడేది. ఏటేటా సున్నం వేస్తూనే ఉన్నారు, ఏటేటా రాలుతూనే ఉంది. "రాలక ఏం చేస్తుందర్రా, పాత పెచ్చుల మీదే కొత్తది కొడుతుంటే!" అని మంచంలోంచి కేకలు. పాతది గీకించింది. గోడ తడపమంది. సున్నంలో తుమ్మజిగురు కాచి పోయించి, పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత వేయించింది. నాన్నగారు తెల్ల చొక్కా బదులు నల్ల కోటు వేసుకుని వెళ్ళి మరీ గోడకి ఆనుకుని చూశారు. ఒక్క రవ్వ అంటలేదు. ఊళ్ళో అందరూ ముసలమ్మగారి తెలివే తెలివి అన్నారు.

అందుకే బెంచీల దగ్గర ఆవిడ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. నల్లజర్ల వైపు నుంచి వచ్చిన వడ్రంగి మామిడి చెక్కతో బెంచీలు చేసి, పైన ఏ పూతా లేకుండా వదిలేసి వెళ్ళిపోయాడు. "నూనె పట్టించకుండా వదిలేస్తే చెద తినెయ్యదూ?" అంది నాయనమ్మ. కొల్లేటి మనుషులం. చెక్క అంటే మాకు పడవ. పడవకి ఏం పూస్తామో అదే పూయాలి. ఊరు ఊరంతా ఎవరింట్లో పడవ నూనె వాళ్ళు ముంతలతో పట్టుకొచ్చారు. మా ముసలమ్మగారి మనవరాలి పెళ్ళికి మా వంతు అని. ఆడవాళ్ళందరం కలిసి గుగ్గిలం కరిగించి, చేతులారా పూశాం. "బాగా పట్టించండర్రా, కరువులో ఉన్నట్టు పూయకండి!" అని ఆవిడ అరుస్తూనే ఉంది. మేము పూస్తూనే ఉన్నాం.

మర్నాడు తుఫాను ముసురు పట్టింది. గుడిలోకి జల్లు కొట్టకుండా తలుపులు, కిటికీలు మూసేశాం.

ముసురు తగ్గాక తలుపు తీసిన నాన్నగారికి ముందు ఎదురొచ్చినవి పిల్లులు. ఊళ్ళో ఉన్న పిల్లులన్నీ కిటికీ సందుల్లోంచి దూరి బెంచీల మీద ఉన్నాయి. వాటిని తోలబోతే అవి ఒక్క ఉదుటున దూకలేకపోయాయి. ఒక్కొక్క కాలే పీక్కుంటూ దిగాయి. నేను బెంచీ మీద అరచెయ్యి పెట్టి చూశాను. చెయ్యి వచ్చింది గానీ, చర్మం రానని మొండికేసింది. వేసవిలో పడవ నిండు ఎండలో బోర్లా పడుకుని నూనె తాగుతుంది. మా బెంచీలు మూసిన గదిలో, ముసురులో, నీడన నిలబడ్డాయి. ఇంకెక్కడ ఆరతాయి? ఇప్పుడు చెప్పగలుగుతున్నాను గానీ అప్పుడు మాకెవరికీ అది తట్టలేదు.

మా నాన్నగారు చేసిన వైద్యాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బళ్ళో సుద్దముక్కలు నూరి చల్లారు. బెంచీలకి బొల్లి వచ్చినట్టయింది. బియ్యప్పిండి చల్లితే చీమలు బారులు తీరాయి. పాత పత్రికలు పరిచి, ఆయనే వాటిమీద కూర్చుని చూశారు. లేచేసరికి సగం కాగితం బెంచీకి, సగం కాగితం పంచెకి. ఆ అక్షరాలు బెంచీ మీద తిరగబడి అచ్చయ్యాయి. "చదువుకోవడానికి బాగుంటుంది లెండి, ప్రసంగం విసుగొస్తే" అన్నాను ఒళ్ళు మండి. ఆయన నవ్వలేదు.

నవ్వే పరిస్థితి కాదు మరి. బెంచీలు పనికిరావంటే పెళ్ళి ఏలూరుకి పోతుంది. పెళ్ళి ఏలూరుకి పోతే నాయనమ్మ చూడదు. అన్నింటికన్నా ఘోరం, అలా పోవడానికి కారణం తన నూనే అని ఆవిడకి తెలుస్తుంది. అది తెలిస్తే ఆవిడ బతకదు అనిపించింది నాకు. రోజూ పొద్దున్నే అడిగేది, "ఆరాయిటే?" అని. "ఆ, ఆరుతున్నాయి నాయనమ్మా" అనేదాన్ని. వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకునేదాన్ని.

అంతలో పెళ్ళి వారం వచ్చింది, ఏలూరు నుంచి నా కాబోయే అత్తగారూ వచ్చింది. పడవ దిగి, కాళ్ళు కడుక్కుని, సరాసరి గుడికే నడిచింది. నాన్నగారు ఎలా చెప్పాలా అని గొంతు సవరించుకుంటూ వెనకాల. నేను ఆయన వెనకాల. లోపలికి వెళ్ళి గోడలు చూసి, "ఎంత చక్కగా వేయించారండీ సున్నం" అంటూ ముందు బెంచీ మీద కూర్చోబోయింది.

"కూర్చోకండీ!" అని అరిచాను.

అప్పటికే కూర్చుంది. లేవబోతే జరీ చీర చర్రుమంది. ఆవిడ కదలకుండా ఉండిపోయింది. నేను వెళ్ళి ఆవిడ చీరని అంగుళం అంగుళం ఊడదీశాను. ఆవిడ నిలబడి, వంగి బెంచీని వాసన చూసింది. గోటితో గీకి, ఆ గీకిన దాన్ని వేళ్ళ మధ్య నలిపింది.

"చేప నూనె. గుగ్గిలం కూడా వేసినట్టున్నారు. ఎవరండీ పూసింది?"

నాన్నగారికి ఇక ఓపిక చచ్చిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశారు. తన తల్లి చెప్పిందనీ, ఊరంతా ముంతలతో తెచ్చారనీ, ఆవిడకి కళ్ళు కనబడవనీ, పడవ ఎక్కడం ఆవిడ వల్ల కాదనీ. చివర్న, "మీరన్నట్టే కానివ్వండమ్మా. ఏలూరులోనే చేసేద్దాం" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఏదో అనబోయాను కూడా.

ఆవిడ నన్ను చూడలేదు. "పిన్నిగారికి తెలుసా, ఇది ఆరలేదని?" అని నాయనమ్మ గురించి అడిగింది.

"తెలీదండీ."

"చెప్పకండి" అంది ఆవిడ. "పిండి చల్లితే పిండి తింటుంది, కాగితం వేస్తే కాగితం తింటుంది అన్నయ్యగారూ. పైన ఇంకేం పూసినా కింద ఇలాగే ఉంటుంది. దీన్ని తీసెయ్యాల్సిందే. వేణ్ణీళ్ళు పెట్టించండి. చాకలి వాళ్ళింట్లో బట్టల జిడ్డు తీసే చౌడు మట్టి ఉంటే ఒక బుట్ట తెప్పించండి." అని జరీ కొంగు నడుముకి దోపుకుంది.

ఆవిడ పుట్టిల్లు తాడేపల్లిగూడెం. వాళ్ళ నాన్నగారు బీరువాలకి పాలిషు పట్టే పనిచేసేవారట. "పెళ్ళయ్యేదాకా నా గోళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవమ్మాయ్. అత్తారింట్లో నవ్వుతారని మా అమ్మ నిమ్మచెక్క పెట్టి తోమి పంపించింది" అని అప్పుడు చెప్పింది. అంతకుముందు ఎవరికీ చెప్పినట్టు లేదు.

బెంచీలన్నీ గట్టుమీదకి మోయించాం. అదృష్టం బాగుండి ఎండ కాసింది. చౌడు మట్టి కలిపిన వేణ్ణీళ్ళు, కొబ్బరి పీచు. ఆడవాళ్ళందరం కూర్చుని తోమడం మొదలెట్టాం. నేను నా కోపమంతా బెంచీ మీద చూపించి కడవెడు నీళ్ళు కుమ్మరించాను. "అలా ముంచెయ్యకమ్మాయ్, చెక్క ఉబ్బిపోతుంది. పీచు తడుపు, బెంచీని కాదు" అంది ఆవిడ. "అయితే మీరే చెయ్యండి!" అనేశాను. కాబోయే అత్తగారితో! చుట్టూ ఉన్నవాళ్ళు నాలిక కరుచుకున్నారు. ఆవిడ మాత్రం, "చేస్తానుగా. పక్కన కూర్చుని చూడు" అంది. చూశాను. కొంచెం తడి, చుట్టూ తిప్పి రుద్దుడు, వెంటనే మంచినీళ్ళ గుడ్డతో తుడుపు. జిడ్డు పసుపు నురగలా లేచి వచ్చేసింది. ఆ చౌడుకి చెక్క నల్లబడితే చింతపండు పులుసు రాసి కడిగించింది. మళ్ళీ మామిడి చెక్క రంగు తేలింది. గాలికి ఆరబెట్టి, తర్వాత ఎండకి పెట్టి, పగిలిన సీసా పెంకులతో పైపైన గీకాం.

గీకుడు శబ్దం మా ఇంటి దాకా వినిపించేది. "ఏవిటే ఆ గరగర?" అంది నాయనమ్మ.

"పెళ్ళి వంటకి గుండిగలు తోముతున్నారు నాయనమ్మా."

"అన్ని గుండిగలా! ఊరంతటికీ వారం రోజులు పెడతాడేవిటే మీ నాన్న?"

మా కాబోయే అత్తగారు మా ఇంట్లోనే దిగింది. భోజనాలయ్యాక నాయనమ్మ మంచం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేది. "బెంచీలు కుదిరాయా అమ్మా?" అని ఈవిడ అడగడం, "బాగా కుదిరాయండి పిన్నిగారూ" అని ఆవిడ చెప్పడం. చౌడుకి వేళ్ళు పగిలి, పచ్చడి కలుపుకుంటే భగ్గుమనేవి ఆవిడకి. నేను చూశాను. ఎడంచేత్తో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తినేది. నాకు అప్పుడు మొదటిసారి ఆవిడంటే భయం పోయింది. భయం పోయిన చోట ఏమొచ్చిందో అప్పుడు పేరు పెట్టలేకపోయాను. కృతజ్ఞత అని ఇప్పుడు తెలుసు.

ఇంక పాలిషు మిగిలింది. ఆవిడ చెప్పిన ప్రకారం నాన్నగారు ఏలూరు వెళ్ళి లక్క, స్పిరిట్టు తెచ్చారు. దూది ఉండ మెత్తటి గుడ్డలో చుట్టి, లక్క కరిగిన స్పిరిట్టులో తడిపి, పల్చగా రుద్దడం. మొదటి బెంచీ అద్దంలా మెరిసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. మా కళ్ళముందే ఆ మెరుపు పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. "అయిపోయింది" అన్నారు నాన్నగారు, నేల మీద చతికిలబడి.

"ఏం కాలేదండీ. ఇక్కడి గాలిలో చెమ్మ ఉంది, అంతే" అంది ఆవిడ. ఊళ్ళో ఉన్న కుంపట్లన్నీ తెప్పించి గుడిలో పెట్టి తలుపులు మూయించింది. గది వెచ్చబడ్డాక కుంపట్లు ఒక్కటి మిగలకుండా దూరంగా తీసుకెళ్ళేదాకా సీసా మూత తియ్యనివ్వలేదు. స్పిరిట్టుకి నిప్పు తగిలితే పెళ్ళి కాదు, గుడే మిగలదని. అప్పుడు వట్టి స్పిరిట్టు రెండు చుక్కలు గుడ్డకి అద్ది, ఆ తెల్లదనం మీద తేలిగ్గా ఒక్క చెయ్యి తిప్పింది. మాయ చేసినట్టు తెలుపు పోయింది. ఆ తర్వాత అన్ని బెంచీలూ నిండు మధ్యాహ్నం పూటే పట్టాం.

పెళ్ళి రోజున నాయనమ్మని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి, ముందు బెంచీ మీద మా అత్తగారి పక్కన కూర్చోబెట్టారు. నాయనమ్మ తను కూర్చున్న చోట చెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరింది. మెల్లగా ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఎంత నున్నగా వచ్చిందమ్మా!" అంది. "మీ నూనె మహిమేనండీ పిన్నిగారూ" అంది మా అత్తగారు, రెప్ప వెయ్యకుండా. నేను పెళ్ళికూతుర్ని కాబట్టి తల వంచుకుని ఉన్నాను గానీ, లేకపోతే అక్కడే ఆవిడ మెడ కౌగిలించుకునేదాన్ని.

ప్రమాణాలయ్యాయి. ప్రార్థన అయ్యింది. ఇద్దరం వెళ్ళి నాయనమ్మ ముందు వంగాం. ఆవిడ ఒక చెయ్యి నా తల మీద పెట్టి, రెండో చెయ్యి గాలిలో చాపి వెతికింది. "మా వియ్యపురాలేదీ?"

మా అత్తగారు చెయ్యి అందించింది. నాయనమ్మ ఆ చేతిని పట్టుకుని, వేళ్ళు తడిమి, ఆ పగుళ్ళ దగ్గర ఆగి, తిన్నగా మొహం దగ్గరికి తీసుకుని వాసన చూసింది. మా అత్తగారు చెయ్యి లాక్కోబోయింది. ఆవిడ వదల్లేదు.

"కూర్చోగానే చూసుకున్నానమ్మా. ఈ బెంచీకి నా నూనె వాసన లేదు. ఎక్కడికి పోయిందా అనుకుంటున్నాను. నీ గోళ్ళలో ఉంది."

"పిన్నిగారూ, అదీ..."

"ఊరుకో తల్లీ. గుండిగలు తోమే చప్పుడు నాకు తెలీదూ? ఈ ముసలిదాని మనసు నొచ్చుకుంటుందని ఇంత చాకిరీ చేసి, పైన ఇంత అబద్ధమూ ఆడావు. ఇంక నా పిల్లకేం భయం!" ఆవిడ పొర కమ్మిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. నా తల మీది చేత్తో నా చెయ్యి అందుకుని, తెచ్చి మా అత్తగారి చేతిలో పెట్టి, రెండు చేతులతోనూ మూసింది.

"ఇదిగో, ఇదీ కాస్త గరుకే. నేను సగమే రుద్దగలిగాను. మిగతాది నువ్వు ఓపిగ్గా రుద్దుకో."

గుడి గుడంతా గొల్లున నవ్వింది. మా అత్తగారు నవ్వలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అలాగేనండీ" అంది.